పోయినవాళ్ల వస్తువులు మ్యూజియంకి ఇవ్వాలా? ఇస్తే కడిగి ఇవ్వాలా, ఉన్నవి ఉన్నట్టేనా?

ట్రంకుపెట్టె (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే. ఇప్పుడు సలహా కావాల్సి వచ్చింది.

నా చిన్నప్పుడు మా మావయ్య వరదలో పోయాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. నీళ్లు తీశాక బురదలో ఆయన ట్రంకుపెట్టె దొరికింది. అందులో ఒక చేతిగడియారం, ఒక కాడ ఊడిన కళ్లజోడు, తెల్లచొక్కా, నల్ల అట్టపేజీల ఆల్బమ్ ఉన్నాయి. చొక్కా ఇప్పుడు తెల్లగా లేదు, ఒక పక్కంతా బురదరంగే. ఆల్బమ్‌లో సగం ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇన్నేళ్లూ అమ్మ ఆ పెట్టె తెరవలేదు, అలాగని పారెయ్యనూ లేదు.

ఆ వరదలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాల వాళ్లు కొందరు కలిసి చిన్న మ్యూజియం పెడుతున్నారు. మీ దగ్గర ఏమైనా ఉంటే ఇవ్వండి అని అడిగారు. నాకు ఇవ్వాలనే ఉంది. అమ్మ మాత్రం "మా తమ్ముడి చొక్కా అద్దాలపెట్టెలో వేలాడదీసి జనానికి చూపిస్తారా?" అంటోంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇచ్చే ముందు చొక్కా ఉతికి ఇస్త్రీ చేద్దామనుకుంటున్నా. ఫొటోలు ఎలా విడదీయాలో కూడా ఎవరైనా చెప్పండి.

నీలిసిరా

ఆగండాగండి. చొక్కా నీళ్లలో పెట్టకండి! ఇస్త్రీ మాట అసలే వద్దు.

నేను చాలా ఏళ్లుగా మ్యూజియం సంరక్షణ విభాగంలో పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే వస్తువుల్లో ఎక్కువ చెడినవి పాతబడినవి కావు, ప్రేమగా శుభ్రం చేసినవి. మీ మావయ్య చొక్కా మీద ఉన్న బురద మురికి కాదు. ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే గుర్తు అది ఒక్కటే కావచ్చు. ఉతికారంటే మీ చేతిలో మిగిలేది ఒక పాత చొక్కా, అంతే.

ఫొటోలు అసలు లాగకండి. ఫొటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటుంది, బొమ్మ ఉండేది అందులోనే. తడిస్తే అది ఉబ్బుతుంది, ఎదురుగా ఏముంటే దానికి అతుక్కుని ఆరిపోతుంది. బొమ్మ చెడకుండా ఉన్న నలుపు తెలుపు ప్రింట్లను నిపుణులు మళ్లీ నీళ్లలో నానబెట్టి విడదీయగలరు. బూజు ఆ జెలటిన్‌ని తినేసి ఉంటే మాత్రం నీళ్లు తగలగానే మనిషి మొహం మొహంగా జారిపోతుంది. ఏది ఏ స్థితిలో ఉందో ఇంట్లో కూర్చుని తేల్చలేరు. ప్రస్తుతానికి ప్రతి పేజీనీ ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పేజీల వరస మార్చకండి.

పెట్టెలో కలరా ఉండలుంటే తీసేయండి. ప్లాస్టిక్ కవర్లలో దూర్చకండి. ఫొటో వెనక ఏమైనా రాయాలనుకుంటే మెత్తటి పెన్సిలే, బాల్ పెన్ను కాదు.

ఎర్రమందారం

ట్రంకుపెట్టె గారూ, మీ అమ్మగారు అన్నదాంట్లో తప్పేముందండీ? నాకూ ఈ మ్యూజియంల సంగతి ఎప్పుడూ మింగుడుపడదు. జనం వస్తారు, అద్దం ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటారు, బయటికెళ్లి నవ్వుకుంటూ టీ తాగుతారు. పోయినవాడికి ఒరిగేదేంటి? బతికున్న అక్కకి మాత్రం పుండు మళ్లీ రేగుతుంది.

గడియారంముల్లు

ఎర్రమందారం గారూ, హిరోషిమా మ్యూజియంలో ఒక మూడు చక్రాల సైకిల్ ఉంది. దాని కథ చెబుతా.

1945 ఆగస్టు 6న ఒక మూడేళ్ల పిల్లాడు ఇంటి ముందు దాన్ని తొక్కుకుంటున్నాడు. బాంబు పడింది, ఆ రాత్రి పిల్లాడు చనిపోయాడు. ఎక్కడో ఒంటరిగా పూడ్చి రావడానికి తండ్రికి మనసొప్పలేదు. ఇంటి తోటలోనే, ఆ సైకిల్‌తో పాటే పూడ్చిపెట్టాడు. నలభై ఏళ్లు అది మట్టిలోనే ఉంది. 1985లో ఆ తండ్రే తవ్వి తీసి సైకిల్‌ని మ్యూజియంకి ఇచ్చాడు.

గమనించండి, నలభై ఏళ్లు ఆయన ఇవ్వలేదు. ఇచ్చినప్పుడు ఎవరో అడిగారని ఇవ్వలేదు. మీ అమ్మగారు ఇంకా ఆ నలభై ఏళ్ల మధ్యలో ఎక్కడో ఉన్నారేమో. తొందరపెట్టకండి.

చదువరి72

పైన సెల్ఫీల మాట వచ్చింది కాబట్టి, ఏది చూపించాలి ఏది చూపించకూడదు అన్నది మ్యూజియంల వాళ్లకీ తెగని పంచాయితీయే. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు లక్షలమంది యూదుల్ని చంపిన శిబిరం, పోలండ్‌లోని ఆష్విట్జ్ సంగతే తీసుకోండి. 1947లో అది మ్యూజియం అయింది. అక్కడ 1,10,000 దాకా బూట్లు చెప్పులు ఉన్నాయి, దాదాపు 3,800 సూట్‌కేసులున్నాయి. అక్కడ చనిపోయినవాళ్ల తలల నుంచి కత్తిరించిన జుట్టు దగ్గర దగ్గర రెండు టన్నులు.

బూట్లని, సూట్‌కేసుల్ని అక్కడి ప్రయోగశాలలో ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని కాపాడతారు. జుట్టుని మాత్రం ముట్టుకోరు. అది మనిషి శరీరంలో భాగం, దానికి మందులు పూసి నిలబెట్టకూడదు, దానంతట అది మట్టి కావాల్సిందే అని నిర్ణయించుకున్నారు. వాషింగ్టన్‌లో 1993లో హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల నరమేధం) మ్యూజియం తెరిచేముందు కూడా ఇదే గొడవ. ఆష్విట్జ్ నుంచి కొంత జుట్టు తెచ్చారు. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు, "అందులో మా అమ్మ జుట్టు ఉండొచ్చు" అన్నారు. దాంతో జుట్టుని ప్రదర్శనలో పెట్టడం మానుకుని, గోడంత ఫొటో ఒకటి పెట్టారు.

అంటే మీ అమ్మగారి అభ్యంతరం పాతకాలపు చాదస్తం కాదు. అంతర్జాతీయ మ్యూజియంలని వెనక్కి తగ్గించిన మాటే అది.

ఎర్రమందారం

చదువరి గారూ, ఆ జుట్టు సంగతి నాకు తెలియదు. సరే. కానీ 1,10,000 బూట్లు అంటున్నారే, అది కుప్ప. కుప్పని చూసి ఎవరైనా ఏడుస్తారా? అబ్బో అనుకుని ముందుకెళ్లిపోతారు.

చదువరి72

నిజమే, కుప్పలో మనిషి కనపడడు. అందుకే నన్ను పట్టేసినవి బూట్లు కావు, సూట్‌కేసులు. వాటిలో 2,100 దాకా సూట్‌కేసుల మీద పేర్లున్నాయి. ఎవరి పేరు వాళ్లే, పెద్ద పెద్ద అక్షరాలతో, కొందరు పుట్టిన తేదీతో సహా రాసుకున్నారు. ఎందుకు రాసుకున్నారంటారు? దిగాక తమ పెట్టె తమకి దొరుకుతుందని.

బూట్లలోనూ ఇలాంటివి దొరుకుతూనే ఉన్నాయి. 2020లో ఒక చిన్నపిల్లాడి బూటులో చేత్తో రాసిన పేరు బయటపడింది. ఆ పేరు పట్టుకుని రికార్డుల్లో వెతికితే ప్రాగ్ నుంచి వచ్చిన పిల్లాడని తేలింది. కుప్పలోంచి ఒక్క బూటుకి మళ్లీ ఒక పిల్లాడు దొరికాడు.

రంగులరాట్నం

ఇంత చర్చ ఎందుకండీ, ఇప్పుడు ఫోన్‌లో యాప్‌లు వచ్చేశాయి కదా. ఫొటోలు స్కాన్ చేసి వేస్తే మరకలు పోతాయి, రంగులొస్తాయి, మొహం సరిచేస్తుంది. మావయ్య గారి నవ్వు కూడా తెప్పించవచ్చు. మా తాతగారి ఫొటోకి చేయించాను, ఇంట్లో అందరూ మురిసిపోయారు.

నీలిసిరా

ఇంటి గోడకి అయితే మీ ఇష్టం. మ్యూజియంకి మాత్రం వద్దు, నవ్వు అసలే వద్దు.

కంబోడియాలో టూల్ స్లెంగ్ అనే మ్యూజియం ఉంది. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు నియంతల పాలనలో అది జైలు. అంతకుముందు బడి. లోపలికి తెచ్చిన ఖైదీలకి ఫొటో తీసేవాళ్లు, తర్వాత దాదాపు అందర్నీ చంపేశారు. వేల ఫొటోలు మిగిలాయి, యునెస్కో 2009లో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 2021లో ఒక కళాకారుడు వాటిలో కొన్నింటికి రంగులు అద్దాడు. అక్కడితో ఆగలేదు, కొందరి మొహాలకి నవ్వు పెట్టాడు. అచ్చయ్యాక కంబోడియా ప్రభుత్వమూ, ఆ కుటుంబాలూ మండిపడ్డారు. ఆ వ్యాసం తీసేయాల్సి వచ్చింది. మరి తనని చంపబోయేవాళ్ల ఎదుట ఉన్న మనిషి మొహానికి నవ్వు తగిలిస్తే దానిని ఫొటో బాగుచేయడం అంటారా?

రంగులరాట్నం

అమ్మో. ఇది తెలియదండీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్క సందేహం. రంగులు వద్దు సరే. ఫొటో అంచుల్లో పనికిరాని నల్లటి జాగా ఉంటే కత్తిరించడం కూడా తప్పేనా?

చదువరి72

దీనికి నేను చెబుతా. ఆష్విట్జ్‌లోనే 1944 ఆగస్టులో ఖైదీలు ప్రాణాలకి తెగించి దొంగచాటుగా నాలుగు ఫొటోలు తీశారు. ఫిల్మ్‌ని టూత్‌పేస్టు గొట్టంలో దాచి బయటికి పంపారు. వాటిలో రెంటికి చుట్టూ నల్లటి చీకటి. చాలా ఏళ్లు పుస్తకాల్లో, ప్రదర్శనల్లో ఆ చీకటి కత్తిరించి, మధ్యలో ఉన్న మనుషుల్ని మాత్రమే పెద్దది చేసి వేసేవాళ్లు. ఒకదానిలో ఆడవాళ్ల మొహాలు కూడా దిద్దారు.

ఆ చీకటి ఏమిటనుకున్నారు? ఫొటో తీసినవాడు నిలబడ్డ గది. కాపలావాళ్లకి కనపడకుండా గ్యాస్ గది లోపల దాక్కుని, తలుపు సందులోంచి తీశాడు. చీకటి కత్తిరిస్తే ఆ మనిషే ఫొటోలోంచి పోయాడు. పనికిరాని జాగా అన్నది ఎవరు నిర్ణయించాలి?

గడియారంముల్లు

హిరోషిమాలో ఆ రోజు ఊరి లోపల తీసిన ఫొటోలు ఎన్నో తెలుసా? ఐదు. ఐదంటే ఐదే మిగిలాయి. తీసింది యోషితో మత్సుషిగే అనే పత్రికా ఫొటోగ్రాఫరు. కెమెరాలో ఫిల్మ్ ఇంకా ఉంది. వంతెన దగ్గర కాలిపోయిన జనాన్ని చూసి చాలాసేపు మీట నొక్కలేకపోయాడట. ఆ ఐదు ఫొటోలనీ అందంగా చేయాలని ఎవరికైనా చెయ్యి వస్తుందా?

ఇంకో మాట. ఆ హిరోషిమా మ్యూజియంలోనే ఒకప్పుడు కాలిన చర్మం వేలాడుతున్న మనుషుల బొమ్మలుండేవి. చిన్నప్పుడు చూసినవాళ్లు జన్మలో మర్చిపోలేదు. 2017లో వాటిని తీసేశారు. పోయినవాళ్ల అసలు వస్తువులు ముందుకి తెచ్చి 2019లో ప్రధాన భవనం మళ్లీ తెరిచారు. బొమ్మలు తీసినప్పుడు "పిల్లలకి భయం వేయకపోతే ఎలా తెలుస్తుంది" అని వాదించినవాళ్లూ ఉన్నారు. నా ఓటు మాత్రం వస్తువుకే. బొమ్మ చూస్తే భయం వేస్తుంది. అక్కడున్న కాలి బొగ్గయిన అన్నం డబ్బా చూస్తే, పొద్దున్న అది కట్టిచ్చిన అమ్మ గుర్తొస్తుంది.

ఎర్రమందారం

అన్నం డబ్బా మాట బాగుంది. నేను కాస్త మెత్తబడ్డాను, ఒప్పుకుంటున్నా. అయినా ఒక్కటి అడుగుతా. ఒకసారి ఇచ్చేశాక ఆ వస్తువు ఎవరిది? రేపు ఈ కుటుంబానికి మనసు మారితే?

నీలిసిరా

అసలు ప్రశ్న ఇదండీ. నేనే ముందు చెప్పాల్సింది.

2005లో పారిస్‌లో ఒక ప్రదర్శనకి ఆష్విట్జ్ నుంచి ఒక సూట్‌కేసు అరువు తెచ్చారు. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన దాని మీద పేరు చదివి నిలబడిపోయాడు. వాళ్ల నాన్న పేరు. అది మా నాన్నది, ఆ చోటికి మళ్లీ పంపొద్దు అని కోర్టుకెళ్లాడు. మ్యూజియం వాళ్ల వాదన వాళ్లది: ఒక్కో కుటుంబానికీ ఇచ్చుకుంటూ పోతే సాక్ష్యం మిగలదు. చివరికి 2009లో రాజీ కుదిరింది, సూట్‌కేసు దీర్ఘకాలం అరువు మీద పారిస్‌లోనే ఉండేట్టు.

ఎవరిది న్యాయం? ఇద్దరిదీ అనిపిస్తుంది నాకు, అందుకే చిక్కు.

ట్రంకుపెట్టె గారూ, మీరు ఆ చిక్కులో పడకుండా ముందే కాగితం రాయించుకోండి. దానంగా ఇస్తున్నారా, అరువుగా ఇస్తున్నారా అన్నది స్పష్టంగా ఉండాలి. అరువైతే ఎన్నేళ్లకి, ఎవరు అడిగితే తిరిగివ్వాలి, వేరే చోటికి పంపేముందు మిమ్మల్ని అడగాలా, నకళ్లు తీసుకోవచ్చా, మ్యూజియం మూతపడితే వస్తువు ఎటు పోతుంది, ఇవన్నీ రాయించండి. చివరిది ఎవరూ అడగరు. చిన్న మ్యూజియంల విషయంలో అదే ముఖ్యం. నోటిమాట మీద ఇచ్చి, కమిటీ మారాక ఎవరి వస్తువు ఎవరిదో తెలియక అటక మీద పడున్న పెట్టెలు నేను చూశాను.

వినేచెవి

ఆలస్యంగా వస్తున్నా. భోపాల్‌లో బాధితులే పెట్టుకున్న మ్యూజియం ఒకటుంది, 2014 డిసెంబరులో తెరిచారు. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలోంచి మిథైల్ ఐసోసైనేట్ లీకైన ఘటన మీద. ప్రభుత్వం డబ్బు, కంపెనీల డబ్బు తీసుకోలేదు. అక్కడ వస్తువులతో పాటు టెలిఫోన్ రిసీవర్లు పెట్టారు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే ఆ వస్తువు ఇచ్చినవాళ్లే తమ గొంతుతో దాని సంగతి చెబుతారు.

భోపాల్ అంటే ప్రపంచానికి గుర్తొచ్చేది మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ మొహం. రఘురాయ్ తీశారు, పాబ్లో బార్తొలోమ్యూ కూడా తీశారు. అంత పేరు తెచ్చుకున్న ఆ ఫొటోలో బిడ్డ పేరు మాత్రం లేదు. రఘురాయ్ ఫొటో శీర్షికలోనే "తెలియని బిడ్డ" అని ఉంటుంది. ఆ ఫొటో లేకపోతే లోకం పట్టించుకునేదా అంటే, అంతగా కాదేమో. కానీ పేరున్న చిన్న చొక్కా, దాని పక్కన తల్లి గొంతు నాకు అంతకన్నా ఎక్కువ చెబుతాయి.

కాబట్టి ట్రంకుపెట్టె గారూ, చొక్కా సంగతి తర్వాత. ముందు మీ అమ్మగారిని కూర్చోబెట్టి తమ్ముడి గురించి మాట్లాడించి రికార్డు చేయండి. వరద గురించి అడగకండి. గడియారం ఎవరు కొనిచ్చారు, కళ్లజోడు ఏ వయసులో వచ్చింది, అవి అడగండి. వస్తువు ఇంకో వందేళ్లుంటుంది. అవి తెలిసిన మనిషి ఉండదు.

ట్రంకుపెట్టె

అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. మూడు చక్రాల సైకిల్ కథ అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. లేచి వెళ్లి పెట్టె తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది.

నీలిసిరా గారూ, ఒకవేళ ఇస్తే రోజూ ఎండలో, లైట్ల కింద పెడతారా? అమ్మ భయం అదొకటి, చొక్కా ఇంకా పాడైపోతుందని.

నీలిసిరా

మంచి మ్యూజియం అయితే అలా చేయదు. బట్టలకి, ఫొటోలకి వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు, అంటే ఇంచుమించు మసకచీకటి. వెలుతురు చేసే నష్టం పోగవుతూ పోతుంది, వెనక్కి రాదు. అందుకే కొన్ని నెలలు పెట్టి, తీసి చీకట్లో దాస్తారు. ఫొటోలైతే నకలు ప్రదర్శనలో పెట్టి అసలుది లోపల ఉంచమనండి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, ఫొటోలకి 30 నుంచి 50 మధ్య, ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండాలి. తేమ కొలిచే మీటరు ఉందా అని వాళ్లని అడగండి. అదేమిటి అని ఎదురడిగితే ఇప్పుడే ఇవ్వకండి.

జపాన్‌లో 2011 సునామీ తర్వాత బురదలో దొరికిన ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. వలంటీర్లు ఒక్కొక్కటీ కడిగి, దారాలకి క్లిప్పులతో వేలాడదీసి ఆరబెట్టి, కుటుంబాలకి తిరిగిచ్చారు. అవి తడిగా ఉన్నప్పుడే దొరికాయి కాబట్టి కడిగారు. మీవి ఎండిపోయి ఏళ్లయింది. దాన్ని చూసి దీన్ని చేయకండి. అక్కడ కెసెన్నుమా అనే ఊళ్లో ఉన్న మ్యూజియం వాళ్లు సునామీ వదిలేసిన వస్తువుల్ని "శిథిలాలు" అనడానికి ఒప్పుకోలేదు. నిన్నటిదాకా ఎవరో ఒకరు వాడుకున్న వస్తువులు కదా అని. మీ అమ్మగారికి ఈ సంగతి నచ్చుతుందేమో.

పనిలో పని ఒక ముచ్చట. ఆష్విట్జ్‌లో 2016లో ఒక ఎనామిల్ కప్పుకి అడుగు ఊడింది. కింద ఇంకో అడుగు ఉంది. మధ్యలో గుడ్డలో చుట్టి దాచిన బంగారు ఉంగరం, గొలుసు! డెబ్భై ఏళ్లు మ్యూజియం వాళ్ల కళ్లముందే ఉంది, తుప్పు పట్టి లోహం సడలితే గానీ బయటపడలేదు. బాగా తోమి రంగు వేసి నిలబెట్టి ఉంటే ఇప్పటికీ తెలిసేది కాదు.

రంగులరాట్నం

ఒళ్లు జలదరించింది.

మోడరేటర్

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి: వస్తువులు ఇచ్చేవాళ్లు ఇక్కడ పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకండి. టీవీ సీరియల్ గురించి పెట్టిన రెండు పోస్టులు వేరే దారానికి మార్చాను.

ట్రంకుపెట్టె

వారం తర్వాత వస్తున్నాను. అమ్మని రికార్డు చేశాను, గంటా ఇరవై నిమిషాలు. వినేచెవి గారు చెప్పినట్టు వరద గురించి అడగలేదు. అయినా చివర్లో తనే చెప్పింది. గడియారం ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మే కొనిచ్చిందట, నాకు ఇన్నాళ్లూ తెలియదు. గడియారం ఇవ్వనంది. చొక్కా, కళ్లజోడు ఐదేళ్ల అరువు మీద ఇవ్వడానికి ఒప్పుకుంది. చొక్కా వేలాడదీయకూడదట, పరిచి పెట్టాలట. అది కాగితంలో రాయించాను. ఆల్బమ్ నిపుణుల దగ్గరికి పంపుతున్నాం.

నిన్న చొక్కాని తెల్లకాగితం మీద పరుస్తుంటే జేబు దగ్గర గట్టిగా తగిలింది. బురద గడ్డ అనుకున్నాను. వెలుతురుకి పెట్టి చూస్తే మడతపెట్టిన కాగితంలా ఉంది, గుడ్డకి అంటుకుపోయింది. కప్పు అడుగు సంగతి గుర్తొచ్చి ముట్టుకోలేదు. అమ్మ మాత్రం పక్కన కూర్చుని, తీసి చూడమంటోంది. ఏం చేయమంటారు?

నీలిసిరా

తీయకండి. చొక్కా కదపకుండా పైనుంచి, పక్కనుంచి, వీలైతే జేబులోకి ఫొటోలు తీయండి. ఇంకో తెల్లకాగితం కప్పి, మడవకుండా అట్టపెట్టెలో పరిచినట్టే పెట్టి, ఆల్బమ్‌తో పాటు పంపండి. జేబులో కాగితం ఉందని పెట్టె మీద పెన్సిల్‌తో రాయండి.

అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. వాళ్లు జేబు తెరిచేటప్పుడు ఆవిడ అక్కడుండాలి.